పెద్ద పలక ఆమెకు

నాకు రెండు పేర్లున్నాయి. ఒకటి మా అబ్బా పెట్టింది. రేషన్ కార్డులో, దుకాణం బోర్డు మీద అదే ఉంటుంది. రెండోది ఎక్కడా రాసి లేదు, రాయడానికి రాదు కూడా. కనుబొమలు రెండూ దగ్గరికి లాగి, మూతి ముడిచి, గడ్డం మీద చెయ్యి వేసుకుంటే అది నేను. "ఎప్పుడూ చిరచిరలాడే సాయెబు" అని దానర్థం. ఈ పేరు నాకు పెట్టింది ఒక గొర్లకాపరి, ఆయన భార్య. ఇద్దరూ కలిసే పెట్టారు. నా ముందరే, నా బెంచీ మీదే కూర్చుని, నేను తెప్పించిన చాయ్ తాగుతూ పెట్టారు. చూడండి ఎంత ధైర్యమో!

మాది మక్తల్‌లో ఫోన్ల దుకాణం. అమ్ముతాను, బాగు చేస్తాను. మొన్న సంతనాడు పొద్దున షటర్ ఎత్తి, ఊదుబత్తి వెలిగించి ఇటు తిరిగేసరికి మెట్టు దగ్గర ఆ గొర్లకాపరి భార్య నిలబడి ఉంది. కనుబొమలు దగ్గరికి లాగి, గడ్డం మీద చెయ్యి వేసుకుని నన్ను పిలిచింది. ఆయన పోయిన సంగతి నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఆమె వెనకాల ఆయన కోసం చూశాను. కనబడలేదు. ఎట్లా కనబడతాడు?

ఆయన్ని ఊళ్లో అందరూ పిలిచే పేరు ఒకటి ఉంది. అదిక్కడ రాయను. ఎందుకంటే ఆయన్ని అందరికంటే ఎక్కువసార్లు పిలిచిన మనిషి ఆ పేరు ఎన్నడూ వినలేదు. ఆమెకు పుట్టు చెవుడు. మాట రాదు, బడి మొహం తెలియదు. కనబడని గొంగడిని ఎడమ భుజం మీదికి విసిరి కప్పుకున్నట్టు చూపిస్తే ఆమె భాషలో అది ఆయన. ఆయన ఆమెను పిలవాలంటే ముక్కుపుల్ల దగ్గర వేలు పెట్టేవాడు. నాకు మాత్రం ఆయన మామ, ఆమె అత్త, ఆయనకు నేను అల్లుణ్ని. ఏ వరసన అని అడిగితే చెప్పలేను. మా దిక్కు సాయెబులకూ గొల్లోళ్లకూ వరసలు అట్లాగే కలుస్తాయి.

మనిషి పొడుగు, కట్టె సన్నం. చేతులు ఊపకుండా మాట్లాడటం ఆయనకు చేతనయ్యేది కాదు. ఆమెతో మాట్లాడీ మాట్లాడీ అందరితో అదే అలవాటైంది. రేపొస్తా అంటే సూర్యుడు పొడిచి చేతుల మీదుగా పైకొచ్చేవాడు. కడుపు నొప్పి అంటే చూసేవాళ్లకు నొప్పి పుట్టేది. చాయ్ గ్లాసు చేతికిస్తే చాలు, సగం మూగవాడయ్యేవాడు. గ్లాసు కింద పెట్టి, ఒక మాట చెప్పి, మళ్లీ గ్లాసు ఎత్తుకునేవాడు. చాయ్ చల్లారిపోయేది. ఒకసారి బస్సులో కండక్టర్ విసుక్కున్నాడట, "నీకు మాటలు రావా పెద్దమనిషీ?" అని.

"మాటలొస్తయి సారూ. చేతులు ఊకుంటలేవు" అన్నాడట ఈయన.

వాళ్లిద్దరి భాష ఏ బళ్లోనూ నేర్పింది కాదు. పెళ్లయి వచ్చినప్పుడు ఆమె దగ్గర తల్లి నేర్పిన నాలుగు సైగలుండేవి. మిగతాదంతా ఇద్దరూ కలిసి కట్టుకున్నారు. పిల్లలు లేరు. ఇంట్లో తమ్ముడూ, తమ్ముడి భార్యా ఉన్నారు. తిను, తాగు, రా, పో దాకా వాళ్లకూ వచ్చు.

"గా నాలుగు మాటలతోని గొర్లను కాయొచ్చు అల్లుడా. మనిషితోని కాపురం జేస్తరా?" అనేవాడు.

ఆయనతోనైతే ఆమెకు నిన్న ఉంది, రేపు ఉంది, అనుమానం ఉంది, హాస్యం ఉంది. తిట్లు మస్తుగా ఉన్నాయి. ఊర్లకు కూడా పేర్లున్నాయి. అరచెయ్యి గోడలా నిలబెట్టి, రెండో చేతి వేళ్లను దాని మీంచి నీళ్లలా దూకిస్తే నందికొండ, అక్కడ డ్యాం ఉంది కదా. రెండు చేతులూ ఒకదాని పక్క నుంచి ఒకటి రయ్యిన పోతే కట్టంగూర్, ఎందుకంటే అక్కడ హైవే మీద లారీలు అట్లా పోతాయి. ఆమె ఆ ఊళ్లేవీ చూడలేదు. ఆయన చేతుల్లోనే చూసింది.

ఆ ఊళ్లతో ఆయనకేం పని అంటారా? మా దగ్గరివి మెట్ట భూములు. ఎండలు ముదిరేసరికి గొర్రెకు గడ్డి పరక దొరకదు. మందలు తోలుకుని కాపర్లు నల్లగొండ దిక్కు కాలువల కింది పొలాలకు పోతారు. వరి కోసిన మళ్లల్లో మంద పెడితే గొర్రెలకు మేత, రైతుకు ఎరువు. అందుకు రైతు ఇన్ని వడ్లు ఇస్తాడు. తిరిగి రావడం తొలకరికే. ఊరూరా సెల్‌ఫోన్లు వచ్చాక మిగతా కాపర్లు గట్ల మీద కూర్చుని పెళ్లాలతో గంటలు గంటలు మాట్లాడేవాళ్లు. ఈయన తమ్ముడి భార్యకు ఫోన్ చేసి, "బాగున్ననని చెప్పు" అనేవాడు. ఆ అమ్మాయి ఆమె దగ్గరికి పోయి బొటనవేలు పైకెత్తి చూపించేది. అంతే.

"ఎండకాలమంత నేనామెకు ఉత్త బొటనవేలు అల్లుడా" అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

బళ్లు మూసి పిల్లలకు ఇళ్లల్లోనే పాఠాలు చెప్పిన కాలంలో అందరితో పాటు నేనూ చవకరకం ట్యాబులు తెచ్చి పెట్టాను. బళ్లు తెరిచారు. కొన్ని మిగిలిపోయి అద్దాల బీరువాలో దుమ్ము కొట్టుకుంటున్నాయి. వాటి మొహం చూస్తేనే నాకు ఒళ్లు మండేది. అప్పుడొచ్చారు మొగుడూ పెళ్లాం.

"పలకలమ్ముతున్నవట గద అల్లుడా."

"పలకలు కాదు మామా, ట్యాబులు."

"గదేలే, పలకనే. తీయి సూస్తం."

అంతకు ముందే ఎవరి ఫోన్లోనో వీడియో కాల్ చేసి చూసుకున్నారట. ఆ చిన్న తెరలో మొహం వస్తే చేతులు రావు, చేతులు వస్తే మొహం రాదు. చేతులు రాకపోతే వాళ్లకు మాటే లేదు. పెద్ద తెరయితే మనిషి మొత్తం వస్తుందని ఈయన లెక్క. కిటికీ పెద్దదైతే వాకిలి ఎక్కువ కనబడుతుంది కదా, అట్లా.

ఏడించులది, ఎనిమిదిది, పదిది కౌంటర్ మీద పరిచాను. ఆయన జానతో, బెత్తెతో కొలవడం మొదలుపెట్టాడు.

"పది అంటివి. గిండ్ల యాడున్నది పది?"

"మూలకు మూల కొలవాలె మామా."

"మూలకు మూలనా! చేను గూడ గట్లనే కొలిస్తె నేను సుత పటేల్‌నే గదరా!"

గొంగడి మడతలో పెట్టుకుని చూశాడు. ఏడుది లోపలికి పోయి మాయమైంది. ఎనిమిదిది కూడా ఎట్లాగో సర్దుకుంది. పదిది గొర్రెపిల్ల లెక్క మూతి బయట పెట్టింది. ఎట్లాగైనా వాటిని వదిలించుకోవాలని నేను పదిదాన్ని చేతిలోకి తీసుకుని వరస మొదలుపెట్టాను. చార్జింగ్ ఎక్కువసేపు ఉంటుందన్నాను, గట్టి అద్దమన్నాను, "దీని సౌండైతే కిరాక్ ఉంటది మామా, గల్లీ మొత్తం ఇనపడ్తది" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. ఆమె వైపు తిరిగి, నేనన్నది చేతులతో పొల్లు పోకుండా చెప్పాడు. ఆమె నవ్వింది చూడండి! గొంతులోంచి వచ్చే ఆ నవ్వుకు తీరూ తెన్నూ ఉండదు. ఎదురుగా చాయ్ హోటల్లో వాళ్లు లేచి చూశారు. నేను మొహం ముడుచుకున్నాను. నా రెండో పేరు ఆ క్షణాన పుట్టిందే.

తర్వాత పరీక్ష పెట్టాం. ఆమె రోడ్డు అవతల చాయ్ హోటల్ ముందర నిలబడింది. నా ఫోన్‌ను అక్కడ బల్ల మీద చక్కెర డబ్బాకు ఆనించాం. ఈయన దుకాణంలో కూర్చుని ఒక్కో ట్యాబులో ఆమెను చూస్తున్నాడు. ఏడుదాంట్లో ఆమె చేతులు మోచేతుల దగ్గర తెగిపోయాయి. పదిదాంట్లో చూశాడు. అక్కడా తెగిపోయాయి.

"గింత పెద్దదాన్ల గూడ చేతులు రాకపాయె! ఏం మోసంరా అల్లుడా ఇది?"

"అరే మామా, ఇది కిటికీ కాదు, ఫొటో అనుకో. చిన్న ఫొటోను పెద్దగ జేస్తె మనిషి పెద్దగైతడు గని, అవుతల నిలబడ్డోడు ఫొటోలకొస్తడా? అత్తనే ఎనకకు జరగాలె."

ఒక్కసారికే పట్టేశాడు. జరుగు జరుగు అని సైగ చేశాడు. ఆమె హోటల్ గోడ దాకా జరిగింది. చేతులు తెరలోకి వచ్చాయి, కానీ మనిషి చిన్నదైపోయింది.

"ఇగ నవ్వుతాందా, ఏడుస్తాందా తెల్వాలె. గది తెలిస్తె సాలు" అని, ఒకసారి నవ్వమనీ ఒకసారి ఏడవమనీ ఆమెకు చెప్పాడు. ఆమె నడిబజారులో నిలబడి దొంగ ఏడుపు మొదలుపెట్టింది. దారిన పోయే ముసలాయన ఒకడు ఆగి, నా దుకాణం దిక్కు చూసి, "ఏం మనుషులు మీరు, ఆడిమనిషిని గట్ల ఏడిపిస్తరా?" అని తిట్టిపోయాడు. ఆ తిట్లు కూడా నా ఖాతాలోకే.

పదిదాంట్లో ఆమె కళ్లు తుడుచుకోవడం కూడా తెలిసింది. ఎనిమిదిదాంట్లో పర్వాలేదు. ఏడుదాంట్లో నేను ఆయన భుజం మీంచి తొంగి చూశాను. మొహం గోరంత ఉంది. ఏడుపో నవ్వో నాకైతే తెలియలేదు. ఆయన మాత్రం తల ఊపాడు.

"కనపడ్తాంది. మంచిగ కనపడ్తాంది."

"యాడ మామా? నాకే కనపడ్తలేదు. నీ కండ్లకు ఎట్ల కనపడ్తది?"

"నీ పెండ్లామా ఆమె, నీకు కనపడనీకె? ఏడుది నాకియ్యి. పెద్ద పలక ఆమెకియ్యి."

నాకు కోపం వచ్చింది. ఎండలో తిరిగేది నువ్వు, చూపు ఆననిది నీకు, ఆమె ఇంటి పట్టున ఉంటుంది, ఆమెకు చిన్నదైనా సరిపోతుంది, పెద్దది నువ్వు పెట్టుకో అన్నాను. లేదంటే ఇద్దరికీ ఎనిమిదివే తీసుకొమ్మన్నాను, ఎట్లాగూ ధర అటూ ఇటూ అంతే పడుతుందని చెప్పాను. ఆయన గొంగడి సర్దుకుని, నాతో మాట్లాడటానికి మొదటిసారి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేను పొద్దుగాల లేస్తె మందలోళ్లతోని మాట్లాడ్త. రైతుతోని మాట్లాడ్త. యాడ కూసున్నా నాకు మనుషులుంటరు. ఆమెకు ఈ దునియాల మాట్లాడనీకె నేనొక్కన్నే. నేనామెకు పెద్దగ కనపడాలె అల్లుడా."

రెండూ పెట్టెల్లో పెట్టి ఇచ్చాను.

ఆ తర్వాత ఎండాకాలాల సంగతులన్నీ తోటి కాపర్లు వచ్చి చెప్పినవే. ఏ ఊళ్లోనైనా మంద పెట్టమంటే, ఈయన వడ్ల మాట తర్వాత, ముందు చార్జింగ్ మాట మాట్లాడేవాడట. "మీ మోటరు కాడ ప్లగ్గున్నదా?" లేదంటే పక్క రైతు మడికి మంద తోలేవాడట. ఎండకు తెర కనబడదు కదా, అందుకని గొంగడి నెత్తి మీంచి కప్పుకుని, లోపల పలక పెట్టుకుని ఆమెను చూసేవాడట. జవాబు చెప్పాలంటే పలకను కంపకు ఆనించి, గొంగడి తీసేసి చేతులు ఆడించేవాడట. మళ్లీ కప్పుకోవడం, మళ్లీ తీయడం. గొర్రెలు కూడా మేత ఆపి చూసేవని చెప్పి వాళ్లు పడిపడి నవ్వేవాళ్లు.

తొలకరికి ఇల్లు చేరగానే ఇద్దరూ నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఎండాకాలమంతా మిగిలిపోయిన కొట్లాటలు నా బెంచీ మీద తెగేవి. గట్టిగా తిట్టుకుంటుంటే నాకు గాలి తగిలేది. ఒకసారి ఆమె ఏదో చూపించి, నన్ను సాక్ష్యం అడిగినట్టు చూసింది. ఏమంటున్నదని అడిగాను.

"పరీక్షలు పెడ్తది అల్లుడా ఈ ముండది. మాట్లాడుకుంట మాట్లాడుకుంట మధ్యల మూతి వంకర పెడ్తదట, నేను గుర్తుపట్టలేదట. ఉత్తగ తలూపుతున్న అంటది. సగం కనపడ్తలేదు నీకు అంటది."

"నిజం చెప్పు మామా. కనపడ్తదా?"

ఆయన పలకను గొంగడి అంచుతో తుడిచాడు. "అమ్మింది నువ్వే గదా. కనపడకపోతె తప్పు నీది" అని లేచాడు. ఆమె ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. నేను బొటనవేలు ఎత్తబోయి మానుకున్నాను.

ఈ ఎండాకాలం కట్టంగూర్ అవతల, కోసిన వరిమడిలో, మిట్ట మధ్యాహ్నం వడదెబ్బ కొట్టింది. దవాఖానకు తీసుకుపోయే దారిలోనే ప్రాణం పోయింది. గొంగడి, కర్ర, ఏడించుల పలక మనిషితో పాటు ఇల్లు చేరాయి. తోటి కాపరి ఒకడు రీచార్జికి వచ్చి చెప్పాడు ఈ మాట. ఎవరు పోయినా మనం అయ్యో అంటాం, మంచోడు అంటాం. నాకు ముందు గుర్తొచ్చింది మాత్రం ఆమె. ఆయన పోతే భర్త పోయాడు, అది సరే. ఆమె మాట తెలిసిన మనిషి ఇక భూమ్మీద ఒక్కడూ లేడు. నిన్న అని ఆమె చూపిస్తే నిన్న అని అర్థం చేసుకునేవాడు లేడు. ఆ రోజంతా నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మా ఆవిడ "ఇదేమన్న కొత్తనా" అంది.

ఇదిగో, మొన్న ఆమె వచ్చింది. రెండు పలకలూ గుడ్డలో చుట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టింది. రెండింట్లోనూ చార్జింగ్ లేదు. వైర్లు పెట్టి, చాయ్ చెప్పి, బెంచీ మీద పక్కన కూర్చున్నాను. ఆమె చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి. వాటిని అట్లా నేనెన్నడూ చూడలేదు. ఏదైనా చెప్పాలనిపించింది. నాకొచ్చింది నాలుగు మాటలు. అందులో రెండు ఊర్ల పేర్లు.

పలకలు వెలిగాక ఆమె లేచింది. కనబడని గొంగడి భుజం మీద వేసుకుంది, అంటే ఆయన. చిన్న పలకను వేలితో తట్టింది. తన కళ్ల ముందు రెండు వేళ్లు ఆడించి, అరచెయ్యి తెరిచి నా వైపు పట్టింది. నాకు తెలియలేదు. మళ్లీ చేసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె విసుగ్గా, నా పేరంత విసుగ్గా మొహం పెట్టి, పెద్ద పలక నా చేతికిచ్చి, నన్ను మెట్లు దింపి, రోడ్డవతల చాయ్ హోటల్ గోడను చూపించింది. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. ఆ రోజు పరీక్షలో తను నిలబడ్డ చోట నన్ను నిలబడమంటున్నది. ఇన్ని ఎండాకాలాలు తను చెప్పుకున్నదంతా ఆయనకు కనబడిందా, లేక ఆయన ఉత్తగా తలూపాడా, అది తేల్చుకోవడానికి వచ్చింది.

పోయి పెద్ద పలకను బల్ల మీద చక్కెర డబ్బాకు ఆనించాను, కాల్ కలిపాను, గోడ దాకా వెనక్కి జరిగాను. హోటలాయన "ఏమైంది భాయ్?" అంటే చెయ్యి అడ్డం పెట్టాను. పెద్ద పలకలో ఆమె అంత దూరానికి కూడా ఎంత స్పష్టంగా కనబడుతున్నదో! ముక్కుపుల్ల మెరుపుతో సహా. ఈ సుఖం ఆయన ఆమెకిచ్చి, తాను గోరంత మొహంతో సరిపెట్టుకున్నాడు. చిన్న పలక ఆమె రెండు చేతుల్లో ఉంది, దాని మీదికి వంగి నన్ను చూస్తున్నది. నేనేదో ఒకటి మాట్లాడాలి కదా. నాకు బాగా వచ్చిన మాట ఒక్కటే. కనబడని గొంగడిని ఎడమ భుజం మీదికి విసిరాను. ఆయన్ని పిలిచాను. పిలిచేసరికి నాకు ఏడుపు వచ్చింది. ఆపుదామనుకున్నాను, ఆగలేదు. నడిబజారులో, సంతనాడు, గడ్డం నెరిసిన మనిషిని, ఏడుస్తూ నిలబడ్డాను.

ఆమె చాలాసేపు వంగి చూసింది. తర్వాత తల ఎత్తింది. కంటి కింద వేలు పెట్టి, చెంప మీదుగా కిందికి గీసి, నా వైపు చూపించింది. నేనేడుస్తున్నట్టు కనబడిందన్నమాట. గొంగడి భుజం మీద వేసుకుంది. రెండు వేళ్లు కళ్ల దగ్గర పెట్టుకుంది. ఆయన చూశాడు అంటున్నది. మళ్లీ అదే చెప్పింది. చూశాడు, చూశాడు.

ఆమె కళ్లు ఆయన కళ్ల కంటే ఎంతో మంచివి. ఆ సంగతి చెప్పడానికి నాకు ఆ భాషలో మాట లేదు. ఉన్నా చెప్పేవాణ్ని కాదు.

రోడ్డు దాటి వచ్చి పెద్ద పలక ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని నా దిక్కు జరిపింది. ఏడించులదాన్ని కొంగుతో తుడిచి, ఆ కొంగులోనే మూటగట్టి నడుముకు దోపుకుని, బస్టాండు దిక్కు నడిచిపోయింది.